లాటిన్ మాట్లాడాలంటే ముందు ఇంగ్లీషు నోటిని పక్కన పెట్టండి

లాటిన్ రానివాళ్ళం కూడా రోజూ కొంత లాటిన్ వాడుతూనే ఉంటాం. హైకోర్టు ఒక కేసుని 'సుమోటో'గా తీసుకుందని పేపర్లో చదువుతాం, లాయర్లు 'హెబియస్ కార్పస్' వేశారని వింటాం. ఈ మాటలు మన దాకా ఇంగ్లీషువాళ్ళ నోటి మీదుగా వచ్చాయి. రోమన్ల నోట్లో మొదటిది 'సుఓ మోతూ', రెండోది 'హబెయాస్ కొర్పుస్'. ఒక్కసారి పైకి అని చూడండి. రోమన్ పలుకుబడి మన నాలుకకి ఎంత తేలిగ్గా పడుతుందో తెలుస్తుంది.

ఈ వ్యాసం లాటిన్ కాస్త చదవడం వచ్చి, ఇక నోరు తెరిచి మాట్లాడదామనుకునేవాళ్ళ కోసం. సెమినరీ విద్యార్థులు, అమెరికాలో హైస్కూల్లో లాటిన్ తీసుకున్న పిల్లలు, ఊరికే ఇష్టంతో మొదలుపెట్టినవాళ్ళు ఎవరైనా సరే. నేను చెప్పదలచుకున్నది ఒకటే. లాటిన్‌కి దారి ఇంగ్లీషు గుండా వెయ్యకండి, తెలుగు నుంచి నేరుగా వెయ్యండి. పాఠ్యపుస్తకాల్లో ఉచ్చారణ గురించి ఉండే హెచ్చరికల్లో సగం ఇంగ్లీషువాళ్ళ ఇబ్బందుల గురించే. మన ఇబ్బందులు వేరు. అవి ఆ పుస్తకాల్లో ఉండవు.

ముందుగా ఏ ఉచ్చారణో తేల్చుకోండి

ఇవాళ లాటిన్ మాట్లాడేవాళ్ళు ముఖ్యంగా రెండు పద్ధతులు పాటిస్తారు. ఒకటి రోమన్ పాలకుడు సీజర్, వక్త సిసెరోల కాలపు పలుకుబడిని పండితులు పునర్నిర్మించినది. దాన్ని క్లాసికల్ అంటారు. రెండోది కాథలిక్ చర్చిది, ఇటాలియన్ ధోరణిలో ఉంటుంది. 1912లో పదో పయస్ పోపు ఫ్రాన్సులోని ఒక ఆర్చిబిషప్‌కి రాసిన లేఖలో రోములో పలికే తీరునే ప్రోత్సహించాడు. తర్వాత అది చర్చిల్లో బాగా వ్యాపించింది. గుంటూరు, ఏలూరు వైపు పాతకాలం కాథలిక్ కుటుంబాల్లో పెద్దవాళ్ళకి గుర్తుండే లాటిన్ పూజ మాటలు ఈ రెండో రకానివే.

సిసెరో పేరు క్లాసికల్‌లో 'కికెరో', చర్చి పద్ధతిలో 'చిచెరో'. 'వచ్చాను, చూశాను, గెలిచాను' అన్న సీజర్ మాటలు మూడూ మొదటిదాంట్లో 'వేనీ, వీదీ, వీకీ', రెండోదాంట్లో చివరిది 'వీచీ'. క్లాసికల్‌లో క ఎప్పుడూ క, గ ఎప్పుడూ గ. ఇదేదో ఊహాగానం కాదు. ఆ కాలపు గ్రీకులు ఆయన పేరుని 'కికెరోన్' అనే రాశారు. జర్మన్లు సీజర్ పేరుని తీసుకుని చేసుకున్న మాట 'కైజర్', దాంట్లో ఇప్పటికీ క ఉంది.

చర్చి గానం మీ లక్ష్యమైతే చర్చి పద్ధతి తీసుకోండి. రోమన్ కవుల్ని చదవాలి, ప్రపంచంలో ఎవరితోనైనా లాటిన్‌లో కబుర్లు చెప్పాలి అనుకుంటే క్లాసికల్ తీసుకోండి. కలగాపులగం మాత్రం చెయ్యకండి. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా క్లాసికల్ గురించే.

మాట్లాడటం ఒక పద్ధతిలో చేసినా వినడం మాత్రం రెండింటిలో రావాలి. 2013 ఫిబ్రవరి 11న పదహారో బెనెడిక్ట్ పోపు కార్డినల్స్ ముందు తన రాజీనామాని లాటిన్‌లో చదివాడు. అది విని విషయం పట్టేసి వార్తని ప్రపంచానికి ముందుగా అందించింది ఇటలీ వార్తాసంస్థ ఆన్సా విలేకరి జొవాన్నా కిర్రి. ఆ ప్రకటనలో 'వయసు మీద పడుతుండగా' అనే ముక్క ఉంది. పోపు నోట అది 'ఇన్‌గ్రవెషెంతె ఎతాతె', క్లాసికల్‌లో అయితే 'ఇఙ్గ్రవేస్కెంతె ఐతాతె'. ఒకే మాటని రెండు రూపాల్లో పట్టుకునే చెవి కావాలి.

మొదటి యాభై వాక్యాలు తెలుగు లిపిలో రాసుకోండి

లాటిన్ పంతుళ్ళు దీన్ని ఒప్పుకోకపోవచ్చు. నేను మాత్రం గట్టిగా చెబుతాను. రోమన్ లిపిలో ఉన్న మాట చూడగానే మన కళ్ళు ఇంగ్లీషు చదివేస్తాయి. 'రొస' అని ఉన్నది 'రోజా' అయిపోతుంది, 'యూలియుస్' కాస్తా 'జూలియస్' అవుతుంది. తెలుగులో రాసుకుంటే ఆ గొడవ ఉండదు. పైగా లాటిన్ అచ్చులు అయిదే, ఒక్కోదానికి హ్రస్వం, దీర్ఘం. అ ఆ, ఇ ఈ, ఉ ఊ, ఎ ఏ, ఒ ఓ. సరిగ్గా మన గుణింతం. హిందీవాళ్ళకి హ్రస్వ ఎ, ఒ లకి విడిగా అక్షరాలు లేవు. ఇంగ్లీషువాళ్ళకి అయితే ఇదంతా కొత్త. మనకి ఒకటో తరగతిలోనే వచ్చేసింది.

రాసేటప్పుడు ట, డ లు వాడకండి. లాటిన్‌లో ఉన్నవి త, ద. ఇంగ్లీషు మాటల్ని ట, డ లతో పలికే మన అలవాటు ఇక్కడ అడ్డం పడుతుంది. 'దొమినుస్' అనాలి, 'డామినస్' కాదు. 'ఎత్' అనాలి, 'ఎట్' కాదు. స ఎక్కడున్నా స నే. ర ని నాలుక కొసతో శుభ్రంగా ఆడించండి. వ ని మన వ లాగే మెత్తగా అంటే సరిపోతుంది, కింది పెదవిని పళ్ళతో కొరకొద్దు. 'ఐ', 'ఔ' లు మన అక్షరాల్లాగే, 'కైసర్', 'ఔరుమ్'.

బడి వదిలాక మనం మళ్ళీ ముట్టుకోని అక్షరాలు రెండు ఇక్కడ ఉద్యోగంలో చేరతాయి. 'గొప్ప' అనే అర్థమున్న మాటని రోమన్లు 'మఙ్నుస్' అని పలికేవాళ్ళు, అందులో ఙ కావాలి. మాట చివరి మకారాన్ని రాసినా సరిగ్గా పలకరని క్వింతిలియన్ అనే రోమన్ అలంకారికుడు చెప్పాడు, ముఖ్యంగా తర్వాతి మాట అచ్చుతో మొదలైనప్పుడు. ముందున్న అచ్చు ముక్కులోంచి వచ్చేది. అంటే అరసున్న. 'నీళ్ళని' అనడానికి 'అక్వఁ', 'రోముకి' అనడానికి 'రోమఁ'. ఇది కష్టమనిపిస్తే మామూలు మ్ తోనే కానివ్వండి, చాలామంది అలాగే మాట్లాడతారు.

దీర్ఘం దగ్గర మాత్రం రాజీ లేదు

పుస్తకాల్లో దీర్ఘాన్ని అక్షరం మీద అడ్డగీతతో చూపిస్తారు, దాన్ని మాక్రాన్ అంటారు. అది లేని పుస్తకంతో మాట్లాడటం నేర్చుకోకండి. గుణింతాలు తీసేసిన తెలుగు పుస్తకం అనుకోండి దాన్ని. యూరప్ బళ్ళల్లో తిరిగే పాత జోకు ఒకటి ఉంది. ఒకే వాక్యాన్ని మాక్రాన్లు లేకుండా రాస్తే రెండు రకాలుగా చదవొచ్చు.

మెఅ మాతెర్ మల సూస్ ఎస్త్. 'మా అమ్మ ఒక చెడ్డ పంది.'

మెఆ, మాతెర్, మాల సూస్ ఏస్త్. 'అమ్మా, వెళ్ళు, పంది ఆపిల్ పళ్ళు తింటోంది.'

తేడా అంతా మూడు దీర్ఘాల్లోనే ఉంది. 'మల' అంటే చెడ్డది, 'మాల' అంటే ఆపిల్ పళ్ళు. 'ఎస్త్' అంటే ఉంది, 'ఏస్త్' అంటే తింటోంది. వీటికి రోజూ వాడే జంటలు కలపండి. 'వెనిత్' వస్తున్నాడు, 'వేనిత్' వచ్చాడు. 'లిబెర్' పుస్తకం, 'లీబెర్' స్వతంత్రుడు. 'రోమ' నగరం పేరు, 'రోమా వెనియో' అంటే రోము నుంచి వస్తున్నాను. ఆ చివరి దీర్ఘమే విభక్తి.

ద్విత్వాలు కూడా అంతే. వయసు అడగాలంటే 'క్వొత్ అన్నోస్ నాతుస్ ఎస్?' అంటాం, ఆడవాళ్ళనైతే 'నాత' అంటాం. 'అన్నుస్' అంటే ఏడాది, 'అనుస్' అంటే ముసలావిడ. 'ఆనుస్' అంటే ఉంగరం, దానితో పాటు నలుగురిలో అనుకోలేని ఒక శరీరభాగం కూడా. 'అన్న'కీ 'అన'కీ తేడా తెలిసిన నోరు మనది, కాబట్టి ఇది ఇబ్బంది పెట్టదు.

తెలుగు నోరు తప్పు చేసే చోట్లు

ఇంత సేపూ మనల్ని మనం మెచ్చుకున్నాం. ఇప్పుడు అసలు సంగతి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, లాటిన్ మాటలు చాలావరకు హల్లుతో ముగుస్తాయి. 'బస్సు', 'కారు' అన్నట్టే మనవాళ్ళు 'సుంతు', 'ఎస్తు' అంటారు. దీనికి మందు పొల్లుని బలవంతంగా నొక్కడం కాదు. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే ఈ హల్లుని దాంతో కలిపెయ్యండి. 'పుఎర్ ఎస్త్ ఇన్ హొర్తో' (పిల్లాడు తోటలో ఉన్నాడు) అనే వాక్యాన్ని 'పుఎరెస్తిన్హొర్తో' అని ఒకే ఊపిరిలో అనండి. మన సంధిలాగే ఉంటుంది కదా. రోమన్లూ ఇలాగే కలిపేవాళ్ళని వాళ్ళ ఛందస్సు చెబుతుంది. కలపడం అలవాటయ్యాక వాక్యం చివర ఒంటరిగా మిగిలే త్ కి ఉకారం అంటుకోవడం దానంతటదే తగ్గుతుంది.

రెండోది ఇంకా దొంగచాటుగా వస్తుంది. మనం 'ఎక్కడ' అని రాసి 'యెక్కడ' అంటాం, 'ఒకటి' ని 'వొకటి' అంటాం, 'ఉంది' ని 'వుంది' అంటాం. మనకది వినబడదు కూడా. లాటిన్‌లో ఆ వ నిజంగా ఒక హల్లు. పొద్దున్న లేచి 'ఓస్ లవో' అంటే 'మొహం కడుక్కుంటాను'. దాన్నే 'వోస్ లవో' అన్నారనుకోండి, 'మిమ్మల్ని కడుగుతాను' అయింది. 'ఉల్తుస్' అంటే పగ తీర్చుకున్నవాడు, 'వుల్తుస్' అంటే మొహం. ఎ, ఒ, ఉ లతో మొదలయ్యే మాటలు పది రాసుకుని, గొంతు దగ్గర చిన్నగా ఆగి అచ్చుని శుభ్రంగా మొదలుపెట్టడం సాధన చెయ్యండి. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. వినేటప్పుడు తెలుగు వింటున్నట్టు వింటే తప్పు దొరకదు, ఆ వ ఉందా లేదా అని మాత్రమే వెతకండి.

వత్తుల సంగతి కూడా చెప్పాలి. గ్రీకు నుంచి వచ్చిన మాటల్లో ఖ, థ, ఫ లు నిజమైన వత్తక్షరాలే. అలా అని అన్నిటికీ పెట్టేస్తే నవ్వులపాలవుతాం. కతుల్లుస్ అనే కవి రెండు వేల ఏళ్ళ కిందటే దీని మీద ఒక పద్యం రాశాడు. అర్రియుస్ అనే పెద్దమనిషి గొప్ప కోసం 'కొమ్మొద' ని 'ఖొమ్మొద' అనేవాడట, 'ఈన్సిదియాస్' ని 'హీన్సిదియాస్' అనేవాడట. మన దగ్గర 'బాధ' ని 'భాధ' అని రాసేవాళ్ళకి దూరపు చుట్టం అన్నమాట.

ఊనిక కోసం లఘువు గురువు తీసుకురండి

మాటలో ఏ భాగాన్ని కాస్త ఎత్తి పలకాలి అనేది, అంటే ఊనిక, ఇంగ్లీషులో కంఠస్థం చెయ్యాల్సిందే. లాటిన్‌లో లెక్క ఉంది, ఆ లెక్క పదో తరగతి తెలుగులో చేసినదే. దీర్ఘమైతే గురువు, సంయుక్తాక్షరానికి ముందుంటే గురువు, ఐ ఔ లు గురువులు. మాటలో చివరి నుంచి రెండో అక్షరం గురువైతే ఊనిక దాని మీద. అది లఘువైతే ఊనిక మూడోదాని మీదికి వెళుతుంది. రెండక్షరాల మాటైతే మొదటిదాని మీదే. చివర పొల్లుని విడిగా లెక్కపెట్టకండి.

'అమీకుస్' (స్నేహితుడు) లో మీ గురువు, ఊనిక అక్కడే. 'మగిస్తెర్' (గురువుగారు) లో గి తర్వాత స్తె ఉంది కాబట్టి గి గురువు. 'దొమినుస్' లో మి లఘువు, అందుకని దొ మీద. 'ఇంతెల్లెగో' లో లె లఘువు, అందుకని తె మీద. ఒక మినహాయింపు ఉంది. బ్ర, ప్ల లాగా స్పర్శానికి ర గాని ల గాని తగిలితే ముందక్షరం మామూలుగా లఘువుగానే ఉంటుంది. 'తెనెబ్రై' (చీకట్లు) లో నె లఘువే, ఊనిక తె మీద.

పాశ్చాత్య పుస్తకాలు చూసేటప్పుడు జాగ్రత్త. మనం గురువుకి వేసే గిన్నెలాంటి గుర్తు వాళ్ళ దగ్గర లఘువుకి గుర్తు, గురువుకి వాళ్ళు అడ్డగీత వేస్తారు. మొదట్లో బుర్ర తిరుగుతుంది. ఇంకొకటి, ఊనిక అంటే సాగదీయడం కాదు. 'దొమినుస్' లో దొ ని ఎత్తండి, 'దోమినుస్' మాత్రం చెయ్యకండి.

ఇక ధారాళంగా మాట్లాడటం

లాటిన్‌లో అవును, కాదు అనడానికి మామూలుగా ఒక్క మాటతో సరిపెట్టరు. అడిగిన క్రియనే తిప్పి చెబుతారు. ప్రశ్న కావాలంటే మాట చివర 'నె' తగిలిస్తారు. 'వెనీస్‌నె?' 'వెనియో.' తెలుగులో 'వస్తావా?' 'వస్తా.' మన 'ఆ' చేసే పనే వాళ్ళ 'నె' చేస్తుంది. నేను, నువ్వు అని విడిగా అనక్కర్లేదు, క్రియలోనే తెలుస్తుంది. క్రియ ఎక్కువగా వాక్యం చివరికి వస్తుంది. ఇవన్నీ ఇంగ్లీషువాళ్ళు ఏళ్ళ తరబడి అలవాటు చేసుకునేవి. మీరు తెలుగులో అనుకుని లాటిన్‌లో అనండి, మధ్యలో ఇంగ్లీషు రానివ్వకండి. ఒక్క విషయంలో తెలుగు మర్యాద పనికిరాదు. ప్రొఫెసర్ అయినా, పెద్దాయన అయినా రోమన్ లాటిన్‌లో ఒక మనిషికి 'తూ' నే. గౌరవం కోసం 'వోస్' అంటే పక్కన ఇంకెవరున్నారా అని చూస్తారు.

మొదటి వారం ఆపద్ధర్మం మాటలు పట్టండి. 'సల్వే' (ఒకరికి నమస్కారం), 'సల్వేతె' (అందరికీ), 'క్విద్ అగిస్?' (ఎలా ఉన్నావు), 'గ్రాతియాస్ తిబి అగో' (థాంక్స్), 'నోన్ ఇంతెల్లెగో' (అర్థం కాలేదు), 'ఇతెరుమ్, క్వైసో' (ఇంకోసారి, ప్లీజ్), 'లెంతియుస్, క్వైసో' (కాస్త మెల్లగా), 'క్వోమొదొ హొక్ లతీనే దీకితుర్?' (దీన్ని లాటిన్‌లో ఏమంటారు), 'నెస్కియో' (తెలీదు), 'వలే' (ఉంటాను). వీటిలో 'నోన్ ఇంతెల్లెగో' నుంచి 'నెస్కియో' దాకా ఉన్న అయిదూ నిద్రలో లేపి అడిగినా రావాలి. మాట తట్టనప్పుడు టెన్షన్‌లో ఇంగ్లీషులోకి జారకుండా ఆపేది అవే.

తర్వాత ఒకే వాక్యాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. 'పుఎర్ ఇన్ హొర్తో సెదెత్', పిల్లాడు తోటలో కూర్చున్నాడు. 'క్విస్ ఇన్ హొర్తో సెదెత్?' 'పుఎర్.' 'ఉబి సెదెత్ పుఎర్?' 'ఇన్ హొర్తో.' 'సెదెత్‌నె పుఎర్ ఇన్ వియా?' 'నోన్ సెదెత్.' చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. నిజమే, కానీ విభక్తులు నోటికి పట్టేది ఇలాగే. పట్టికలు బట్టీ పట్టినవాడు పరీక్ష రాస్తాడు, మాట అడిగితే పట్టిక గుర్తు చేసుకుంటూ నిలబడతాడు. డెన్మార్క్ పంతులు హాన్స్ ఓర్‌బెర్గ్ రాసిన వాచకం మొత్తం లాటిన్‌లోనే ఉంటుంది, దీర్ఘాల గుర్తులతో సహా. ఈ ఆటకి దానికంటే మంచి పుస్తకం నాకు తెలిసి లేదు.

పొద్దున్న పనులు చేసుకుంటూ పైకి చెప్పుకోవడం ఇంకో సాధన. 'సుర్గో' (లేస్తాను), 'ఓస్ లవో', 'అక్వఁ బిబో' (నీళ్ళు తాగుతాను), 'లిబ్రుఁ లెగో' (పుస్తకం చదువుతాను). రాత్రికి అవే పనుల్ని గతంలోకి మార్చండి. 'సుర్రేక్సీ', 'లావీ', 'బిబీ', 'లేగీ'. 'లవో' కాస్తా 'లావీ' అయింది, 'లెగో' కాస్తా 'లేగీ' అయింది చూశారా? కాలం మారినప్పుడు దీర్ఘం కూడా వచ్చి కూర్చుంది. అందుకే దీర్ఘం దగ్గర రాజీ లేదన్నాను.

వినడానికి ఇంటర్నెట్‌లో ఇప్పుడు కొదవ లేదు. ఏది విన్నా పాఠం ఎదురుగా పెట్టుకుని, చెప్పేవాళ్ళ వెనకే అర సెకను తేడాతో మీరూ అనండి. చెప్పేవాళ్ళు దీర్ఘాలు పాటిస్తున్నారో లేదో ముందు చూసుకోండి, పాటించకపోతే ఎంత వేగంగా మాట్లాడినా వాళ్ళు మీకు గురువులు కారు. ఫిన్లాండ్ రేడియో 1989 నుంచి 2019 దాకా లాటిన్‌లో వారం వారం వార్తలు చదివింది. మీరూ ఆ రోజు వార్తల్లో ఒకదాన్ని మూడు చిన్న వాక్యాల్లో చెప్పి చూడండి.

అక్కడే కొత్త మాటల గొడవ వస్తుంది. వాటికన్ పండితులు ఆధునిక వస్తువులకి లాటిన్ మాటలతో రెండు భాగాల నిఘంటువు వేశారు, 1992లో ఒకటి, 1997లో ఒకటి. కారుకి 'ఔతొరైద', కంప్యూటర్‌కి 'కొంపుతాత్రుమ్' అనేవాళ్ళున్నారు. మొదటి ఆర్నెల్లు వీటి జోలికి పోకండి. 'తాళంచెవి' కి మాట గుర్తు రాకపోతే 'రేస్ క్వా యానుఅమ్ అపెరీముస్' (మనం తలుపు తీసే వస్తువు) అనండి. ఎదుటివాళ్ళే 'క్లావిస్!' అని అందిస్తారు. మాట తెలియకపోయినా సంభాషణ ఆగకుండా నడపడమే ధారాళం.

ఎదుటివాళ్ళు ఎక్కడ దొరుకుతారంటే, చాలా నగరాల్లో 'కిర్కులుస్ లతీనుస్' పేరుతో చిన్న చిన్న బృందాలున్నాయి, వీడియో కాల్‌లో కలిసేవీ ఉన్నాయి. అమెరికాలో ఉన్నవాళ్ళకి కెంటకీ విశ్వవిద్యాలయంలో 1996లో మొదలైన వేసవి సమావేశాలు పేరున్నవి. ఇటలీలో రోము పక్కన ఫ్రస్కాతిలో ఉన్న వీవారియుమ్ నొవుమ్ అకాడమీలో విద్యార్థులు అన్నం దగ్గర కూడా లాటిన్‌లోనే మాట్లాడుకుంటారు. అంత దూరం వెళ్ళనక్కర్లేదు. లాటిన్ నేర్చుకుంటున్న ఒక్క స్నేహితుడు దొరికితే చాలు. వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు మాట్లాడుకోండి. మొదటి రోజు ఇల్లు, రెండో రోజు తిండి, మూడో రోజు వాతావరణం, ఇలా విషయం ముందే అనుకుని పది మాటలు సిద్ధం చేసుకుని కూర్చోండి. మాట్లాడేటప్పుడు ఒకరినొకరు దిద్దుకోవద్దు, తప్పులు కాగితం మీద రాసుకుని ఆఖరి అయిదు నిమిషాల్లో చెప్పుకోండి. అవతలివాళ్ళది చర్చి ఉచ్చారణైతే దాన్ని దిద్దే పని అసలే పెట్టుకోకండి.